రేపు మార్కండేయులుకి మూడో రోజు

అధ్యక్ష స్థానంలో ఉన్న డాక్టర్ మురళీమోహన్ గారికి, వేదిక మీదున్న ఆసుపత్రి కమిటీ పెద్దలకి, ఇన్నేళ్లూ నాతో డ్యూటీలు మార్చుకుని, మార్చుకున్నందుకు తిట్టుకుని, మళ్లీ మార్చుకున్న నా తోటి సిస్టర్లకి, మా వార్డు ఆయా సుల్తాన్ బీకి, చీరాల నుంచీ బాపట్ల నుంచీ మా రేపల్లె నుంచీ పనులు మానుకుని తెనాలి వచ్చిన మీ అందరికీ ఈ ప్రేమకుమారి నమస్కారాలు.

ఇందాకటి నుంచి నా గురించి చాలా మంచి మాటలు విన్నాను. 'చిరునవ్వు చెరగని సిస్టర్' అన్నారు డాక్టర్ గారు. అప్పుడు సుల్తాన్ బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నేను చూశాను. (నవ్వులు) నవ్వుకో అక్కా, నా చేత తిట్లు తినని వాళ్లెవరూ ఈ హాల్లో లేరు. పొగడ్తలన్నీ మూటగట్టుకున్నాను, ఇంటికెళ్లాక మా ఆయనకి వినిపిస్తాను. ఇక పని మాటకొస్తాను.

మనం జాంగ్రీ ప్లేట్లు పట్టుకుని కూర్చున్న ఈ హాలు కిందే తాగుడు మాన్పించే మన వార్డు. అందులో కిటికీ పక్క మంచం మీద చీరాల దగ్గరి పేరాల నుంచి వచ్చిన మార్కండేయులు ఉన్నాడు. చేనేత పనివాడు. ఆఖరుసారి తాగింది నిన్న పొద్దున. అంటే రేపు ఆయనకి మూడో రోజు. తాగుడు ఆపినవాడికి మూడో రోజంటే ఏంటో మన వార్డులో చేసిన ప్రతివాళ్లకీ తెలుసు. ఆఫీసు వాళ్లేమో రేపు పొద్దున ఆయన్ని పంపించెయ్యమన్నారు. నేనూ ఇవాళ రిటైరవుతున్నాను, రేపటి నుంచి ఉండను. ఇద్దరం కలిసి ఈ గుమ్మం దిగడం నాకిష్టం లేదు. అందుకే మైకు నా చేతిలో ఉండగానే చెప్పాల్సింది చెప్పేస్తాను. ఆయన భార్య కోటిరత్నం కబురందుకుని వచ్చి ఆ తలుపు దగ్గర నిలబడి ఉంది. మీ సంగతి సభలో చెప్పనా అని ఇందాక అడిగితే, 'చెప్పండమ్మా, ఊరందరికీ తెలిసిందేగా' అంది.

మూడేళ్ల కిందటి మాట, 2003లో. ఆ ఏడు దీపావళి వెళ్లగానే అటు కార్తీకం, ఇటు రంజాను, రెండూ కలిసొచ్చాయి. భక్తి నెల కదా, తాగేవాళ్లు తగ్గుతారు, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అనుకున్నారు కొత్త సిస్టర్లు. వాళ్లకేం తెలుసు, మనకి మంచాలు నిండేది అప్పుడే. మన వైపు మగవాడు తాగుడు మానడమంటూ జరిగితే దేవుడి పేరు మీదే మానతాడు. డాక్టరు చెబితే వినడు, పెళ్లాం ఏడిస్తే వినడు, మెడలో అయ్యప్ప మాల పడిందా, ఆ పూట నుంచి చుక్క ముట్టడు. అటు రంజాను రోజా మొదలైందా, ముట్టడు. మంచిదే కదా అంటారు. అప్పుడప్పుడూ తాగేవాడికి మంచిదే. ఏళ్ల తరబడి పొద్దున లేస్తూనే తాగేవాడికి కాదు.

ఎందుకో చెబుతాను. తలుపుని అవతలి నుంచి ఒకడు నెడుతుంటే, ఇవతల మనం కాళ్లు తన్నిపెట్టి ఎదురు నెడతాం. వాడు చటుక్కున తప్పుకుంటే మనం ముందుకి పడతాం. రోజూ మత్తు పడే మెదడు కూడా అలాగే ఎదురు నెట్టడం నేర్చుకుంటుంది. మందు ఆగిన రోజు దానికి అడ్డం ఉండదు. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర రాదు, బీపీ పెరుగుతుంది. కొందరికి ఫిట్సు వస్తాయి. రెండు మూడు రోజులయ్యేసరికి కొందరు లేనివి చూస్తారు, ఎక్కడున్నారో మర్చిపోతారు. ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు. ఇంట్లో గదిలో పెట్టి గడియ వేసి, మానిపిస్తున్నాం అనుకున్న చోటే పోయారు.

మార్కండేయులుకి పొద్దున్నే గ్లాసు పడకపోతే పోగు అతకడానికి చెయ్యి నిలిచేది కాదు. అందుకని తాగి మగ్గం గుంటలో దిగేవాడు. 'తాగితేనే మా ఆయన చెయ్యి కుదురుగా ఉంటుందమ్మా' అని కోటిరత్నం నాకు సర్టిఫికెట్టు ఇచ్చింది. ఆ వణుకు తెచ్చిపెట్టింది తాగుడే అని నమ్మించడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ కార్తీకంలో ఆయన మాల వేసుకున్నాడు, ఒక్క పూటలో ఆపేశాడు. మూడో రోజు సాయంత్రం భజనలో కూర్చున్నవాడు, కూర్చున్నట్టుండి నేయడం మొదలుపెట్టాడు. గాల్లో. కుడి చేత్తో తాడు లాగుతున్నాడు, కాళ్లు తొక్కుతున్నాడు, మధ్యలో ఆగి, తెగిన పోగుని వేళ్లతో నలిపి అతుకుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు స్వామి పూనాడన్నారు. హారతి ఇచ్చారు, భజన ఇంకా గట్టిగా పాడారు. కోటిరత్నం ఒక్కతే అడ్డం వెళ్లింది. 'స్వామొస్తే చీర నేస్తాడేంటండీ? మా ఆయనకి ఒంట్లో బాగాలేదు' అంది.

ఆయనకి మాల వేసిన గురుస్వామి శ్రీనివాసరావు గారు రెండో వరసలో నల్లబట్టల్లో కూర్చున్నారు. నమస్కారం స్వామీ. ఈయన్నీ వెంటబెట్టుకుని కోటిరత్నం మొగుడితో చీరాలలో పాసింజరు రైలెక్కింది. మార్కండేయులు తెనాలి దాకా నేస్తూనే ఉన్నాడు. మెడలో మాల చూసి జనం లేచి సీటిచ్చారు. బాపట్లలో ఎక్కిన ఒకావిడ ఆయన కాళ్లకి దండం పెట్టింది. ఆవిడకి ఏం చెప్పాలో తెలియక, 'జ్వరమమ్మా, జ్వరం' అంటూ వచ్చిందట పాపం కోటిరత్నం. మీరు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు, మంచిది.

వార్డుకొచ్చాక గురుస్వామి గారు నన్ను అడిగిన మొదటి మాట, 'అమ్మా, మాల తీయాలా?' అని. మాల ఏ నరానికీ అడ్డం రాదు స్వామీ, ఉండనివ్వండి అన్నాను. దీక్షలో మంచం మీద పడుకోరు అన్నారు. సరే, నేల మీద చాప వేసి, దానిమీద దుప్పటి వేసి, పక్కన సెలైన్ స్టాండు పెట్టాం. చర్చికెళ్లే నేను గొంతుక్కూర్చుని, 'స్వామీ, చెయ్యి చాపండి స్వామీ' అంటూ ఇంజెక్షన్లు చేశాను. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం అన్నారు చూడండి, అక్కడ మాత్రం ఒప్పుకోలేదు. (నవ్వులు) అందరూ ముందు గ్లూకోజు పెట్టమంటారు. ఇలాంటివాళ్లకి ముందు పడాల్సింది బి-విటమిన్ ఇంజెక్షన్, గ్లూకోజు ఆ తర్వాత. మెదడుని నెమ్మదింపజేసే మాత్రలు డాక్టరు కొలిచి మొదలుపెట్టి, రోజురోజుకీ తగ్గించి ఆపేస్తారు. అదీ ఇంకో మత్తేగా అని వాదించేవాళ్లకి చెబుతున్నా, సొంతంగా కొనుక్కుని మింగితే మత్తే, ఆసుపత్రిలో తగ్గించుకుంటూ పోతే వైద్యం.

ఆ పక్కనే బాపట్ల టైలరు సైఫుల్లా. రోజా మొదలైన మర్నాడే ఫిట్సు వచ్చాయి. పగలు మాత్ర వేసుకోనని పళ్లు బిగబట్టాడు. నేను చెబితే వినలేదు. సుల్తాన్ బీ వెళ్లి, 'జబ్బు మనిషికి మినహాయింపు ఉంది బేటా, బాగయ్యాక ఆ రోజాలు తీర్చుకో' అంటే నోరు తెరిచాడు. ఇవాళ తాగుడు మానినవాళ్లతో మనం పెట్టే ఆదివారం సమావేశాన్ని నడిపేది ఆ సైఫుల్లాయే. గురుస్వామి గారైతే అప్పటి నుంచీ మాల అడిగినవాణ్ణి మొహం మీదే అడుగుతున్నారు, పొద్దున లేవగానే తాగుతావా అని. అవునంటే, 'ముందు తెనాలి వెళ్లిరా, మాల ఎక్కడికీ పోదు' అంటున్నారు. నా సర్వీసులో నాకు దొరికిన పెద్ద సన్మానం అదే. ఈ శాలువా రెండోది, డాక్టర్ గారు ఏమీ అనుకోకూడదు.

కథ ఇక్కడ ఆపేస్తే అందరికీ బావుంటుంది. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన వారానికే మార్కండేయులు మళ్లీ తాగాడు. వణుకు తగ్గించడం మన చేతిలో పని, కొన్ని రోజుల్లో అయిపోతుంది. తాగాలనే కోరిక నెలల తరబడి ఉంటుంది. రెండోసారి చేరినప్పుడు అసలు వైద్యం మొదలైంది. ఆయనతో విడిగా మాట్లాడాం, కోటిరత్నంతో విడిగా మాట్లాడాం, ఆదివారం సమావేశానికి రప్పించాం. తాగితే ఒళ్లు తిప్పేసే మాత్ర ఒకటుంది, దాని సంగతంతా చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే డాక్టరు గారు రాశారు. అమ్మల్లారా, అది మగవాడికి తెలియకుండా పులుసులో కలపమని మీకెవరైనా సలహా ఇస్తే వినకండి. తెలియక తాగితే ప్రాణం మీదికొస్తుంది, ప్రాణం దక్కినా నమ్మకం పోతుంది. అలా రెండేళ్ల పైన నిలబడ్డాడు. పోయిన నెల వేటపాలెంలో వాళ్లన్నగారు పోయారు. పెద్దకర్మ రోజు, 'ఇవాళ ఒక్కరోజే' అని బంధువులే చేతిలో గ్లాసు పెట్టారు. అప్పటి నుంచి మళ్లీ రోజూ తాగుడే.

రెండుసార్లు వైద్యం చేయించుకుని మళ్లీ తాగినవాణ్ణి మూడోసారి చేర్చుకోవద్దని కమిటీ నిర్ణయం. మంచాలు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ, నాకు తెలియంది కాదు. కానీ షుగరు ఉన్నాయన పండక్కి స్వీట్లు తిని పడిపోతే, మూడోసారి కదా, పోవయ్యా అంటామా? సార్, మీ ముందున్న జాంగ్రీ గురించి నేనేమీ అనట్లేదు. (నవ్వులు)

నిన్న ఆయన్ని గుమ్మంలో చూడగానే నాకు కోపమొచ్చింది. చెడామడా తిట్టాను. తిడుతూనే ఏడుపొచ్చింది, ఇంత చేస్తే ఇదా అని. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. విని, 'సిస్టరమ్మా, మొదటిసారి నన్ను లాక్కొచ్చారు, రెండోసారి మోసుకొచ్చారు. ఈసారి ఎవరికీ చెప్పకుండా నేనే రైలెక్కాను. రేపో ఎల్లుండో మళ్లీ గాల్లో నేస్తాను. అంతకుముందే వచ్చేశాను' అన్నాడు. అప్పటికే చేతులు వణుకుతున్నాయి. డ్యూటీ డాక్టరు గారికి చూపించి చేర్చుకున్నాను. రిటైరయ్యేదాన్ని ఏం చేస్తారులే అన్న ధైర్యం కూడా కాస్త ఉంది. మన వైద్యం పనిచేయలేదని కమిటీ వారు అంటున్నారు. పనిచేయకపోతే ఆయన ఆ రైలెక్కేవాడు కాదండి.

(అధ్యక్షులు: 'మాట్లాడదాం సిస్టర్, తర్వాత మాట్లాడదాం.')

ఇప్పుడు మాట్లాడుతున్నది అదేగా సార్. రేపటికి నాకు మాట్లాడే అధికారం ఉండదు.

నన్ను భరించిన సిస్టర్లకి, చేయి పట్టుకుని నడిపించిన డాక్టర్లకి, చెప్పింది విన్న పేషెంట్లకి, విననివాళ్లకి ఇంకొంచెం ఎక్కువగా, నా కృతజ్ఞతలు. నన్ను సంతోషంగా పంపించెయ్యండి. ఆయన్ని మాత్రం పంపకండి.

సెలవు.