మోకాలెత్తు కుర్చీలు

హలో… ఆ, నేనే. బావని.

పనిలో లేనురా… లప్పం డబ్బా మూత కూడా తియ్యలేదు ఇవాళ.

లెక్కల టీచరమ్మ ఇంట్లో ఉన్నా… ఆ, ఆవిడే. పోయినేడు కింద గదికి రంగులేశాం చూడు, నువ్వూ నేనూ… అదే ఇల్లు. ఎందుకొచ్చానా? తర్వాత చెప్తా.

గట్టిగా మాట్లాడలేను. కిటికీ కింద చతికిలబడి ఉన్నా. గేటు బయట జనం… ఎంతమందా? నా లెక్కలో అయితే వెయ్యిమంది. నిజం లెక్కలో ఓ అరవై. ఇవాళ నిజమే చెప్తున్నా చూడు, నా ఖర్మ!

ఎందుకొచ్చారో నీకు తెలీదూ?… నవ్వకు. నీ వీడియో చూసి వచ్చారు. నా కథ వీడియో.

కథేరా! టీ తాగుతూ చెప్పిన కథ! దేశాన్ని నడిపే తొమ్మిదిమంది ఈ గదిలోనే కూర్చుంటారు, నల్లగోడ మీద గెలవాల్సినోళ్ల పేర్లు రాస్తారు, ఓడాల్సినోళ్ల పేర్లు తుడిచేస్తారు, పేపరోళ్లకి రేపటి వార్త ఇవాళే పంపిస్తారు… నవ్వీ నవ్వీ నీ ముక్కులోంచి వచ్చింది టీ!

… అది వేరే సంగతంటావేంట్రా?

నా నిచ్చెన కథ కూడా చెప్పాగా. నున్నగా గడ్డం గీసుకుని ఎక్కితే, దిగేసరికి అది బొడ్డు దాకా పెరిగిందని. ఎవడైనా నిచ్చెన కొలవడానికి వచ్చాడా?

సరే, వాగాను. ఒప్పుకుంటా. నా నోరు ఊరుకోదు. కానీ నా వాగుడు ఫోన్లో దాచుకుని, ముందో ముక్క వెనకో ముక్క అతికించి, 'నా కళ్లతో చూశాను' అని చెప్పింది ఎవరు?… నేనా?

ఏం చూశావురా నువ్వు?

ఆ నల్లగోడ… 'బోర్డు కావాలి నాయనా, పిల్లలకి లెక్కలు చెప్పాలి' అని ఆవిడ అంటే మనమే కదా వేశాం. రెండుసార్లు పూశాం. రెండోసారి నువ్వే పూశావు. మోచేతుల దాకా నల్లగా అయ్యి ఇంటికెళ్తే మీ అక్క గుమ్మం దగ్గరే ఆపేసింది, మర్చిపోయావా?

కుర్చీలా?… అవును, తొమ్మిదే. ఎంత ఎత్తురా అవి? మోకాలెత్తు! చిన్నపిల్లల కుర్చీలు! చేతికి మూడు చొప్పున నువ్వే వరండాలోకి మోశావు. దేశాన్ని నడిపే పెద్దమనుషులు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటార్రా?

… ఏంటీ? మళ్లీ అను.

నన్ను కొనేశారా? ఎవరు?… ఆ తొమ్మిదిమందా! ఒరేయ్, వాళ్లని పుట్టించిందే నేను కదరా!

… …

లేదు, మధ్యలో మాట్లాడను. చెప్పు.

ఊఁ.

… ఊఁ.

అవును. అది నిజమే. పదేళ్ల నుంచి నిన్ను నిచ్చెన పట్టుకోమనే అన్నా. నువ్వేదైనా చెప్పబోతే మధ్యలో నేనే అందుకున్నా. ఇప్పుడు నీ మాట కోసం జనం కాచుక్కూర్చున్నారు… బావుంటుంది, కాదన్ను. నాకంటే ఎవరికి తెలుసురా ఆ రుచి? కానీ దానికి ఈ ముసలావిడే దొరికిందా నీకు? నీకు సంతకం పెట్టడం నేర్పింది ఎవరు? పని జరిగిన నాలుగు రోజులూ మధ్యాహ్నం అన్నం మానేసి నీ పక్కన కూర్చుంది…

అబ్బా!

… రాయి. వంటింటి కిటికీ అద్దం పోయింది. లేదు, ఎవరికీ తగల్లేదు. ఆవిడ ఎక్కాలు చెప్పిస్తూనే ఉంది, భయం తెలియకూడదని… ఎవరికా? పిల్లలకిరా! ట్యూషన్ వేళ కదా ఇది!

ఒక్క పని చెయ్యి. ఇప్పుడే లైవ్‌లోకి వచ్చి, అదంతా మా బావ కోతలు అని చెప్పెయ్. నన్ను తిట్టు. నా అంత అబద్ధాలకోరు భూమ్మీద లేడను. కాస్త చల్లబడి ఇళ్లకి పోతారు…

ఆగు.

ఆగాగు. బయట నా గొంతు వినిపిస్తోంది.

… నేను 'ఆగు' అంటే గేటు దగ్గర ఎవడి ఫోనో 'ఆగు' అంటోంది. కాస్త ఆలస్యంగా.

ఒరేయ్… ఈ మాటలన్నీ లైవ్‌లో పెట్టావా?

మొదట్నించీనా?

… …

నీకు సైకిలు నేర్పింది నేను. వెనకాల సీటు పట్టుకుని వీధంతా పరిగెత్తింది నేను. వదిలేస్తున్నానని చెప్పకుండా ఒక్కసారైనా వదిలానా నిన్ను?

… సరే. పెట్టావుగా. ఉంచు. ఆపకు.

ఎందుకొచ్చానని అడిగావు కదా. నీ మేనకోడల్ని దింపడానికి వచ్చాను… ఆ, నా కూతుర్నే. మొన్న సోమవారం నుంచి ట్యూషన్ ఇక్కడే. మూడో కుర్చీలో కూర్చుని ఉంది. నువ్వు కొన్న నీలం గౌను.

… ఏమన్నావ్?

వెనక గుమ్మంలోంచి పంపించెయ్యాలా? ఎందుకురా? లోపలున్నది దేశాన్ని నడిపే పెద్దలు కదా, దాన్నేం చేస్తారు?… సరిగ్గా వినబడలేదు, గట్టిగా అను… ఆ. 'లోపల ఎవరూ లేరు బావా, పిల్లలే. వాళ్లు లోపలికి రాకముందే దాన్ని తీసుకుపో.'

విన్నావా? ఇప్పుడు బయట నీ గొంతు కూడా వినిపించింది.

… …

ఇంక వినిపించట్లేదు. నాదీ లేదు, నీదీ లేదు. ఆపేశావా లైవ్?… ఆపేశావు.

ఉండు, చూస్తా… సగంమంది ఫోన్లు చేతుల్లో పట్టుకుని మొహాలు చూసుకుంటున్నారు. మిగతా సగం గేటు ఊపుతూనే ఉన్నారు. వాళ్లకి వినబడినట్టు లేదు.

వద్దు, నువ్వు రావద్దు. ఇంకో రెండు నిమిషాలు ఆపకుండా ఉంచితే చాలేదిరా. అదీ చెయ్యలేకపోయావు.

టీచరమ్మా, ఆ కుర్చీ ఒకటి ఇలా ఇవ్వండి… ఏదైనా ఫర్లేదు. గేటు బయట వేసుకుని కూర్చుంటానమ్మా. నా అంత మనిషి ఇందులో ఇరుక్కుంటే ఎలా ఉంటుందో చూడనీండి వాళ్లని. నవ్వితే గండం గడిచినట్టే. నవ్వకపోతే… మీరు మాత్రం లోపల గడియ పెట్టుకోండి.

ఉన్నావా లైన్లో?… ఏడవకు.

ఫోను ఇక్కడే కిటికీలో పెట్టి వెళ్తున్నా. వాళ్లంతా ఎవరు నాన్నా, టీచరంటే ఎందుకంత కోపం అని ఇందాకట్నించీ నీ మేనకోడలు అడుగుతోంది నన్ను. ఇన్ని కథలు చెప్పినోణ్ణి, దానికి ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

ఇదిగో తల్లీ, ఇలా రా… మామయ్య ఉన్నాడు. అడుగు. మామయ్య చెప్తాడు.