ఆది పంపని కస్టమర్

అది కాదు మేడమ్, ఇందాకట్నించీ పాప ఫోనేది, పాప ఫోనేది అంటారేంటండీ? ఉంటేగా ఇవ్వడానికి. పన్నెండేళ్ళ పిల్లకి ఫోనెందుకని నేనే కొనలేదు. బళ్ళో మీటింగు పెట్టి మరీ చెప్పారు, పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకండి, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడనివ్వకండి అని. మొదటి వరసలో కూర్చుని విన్నాను. ఇంట్లో ఉన్నది ఒక్కటే, నా కొట్టు ఫోను. దానికీ లాకు. కళ్ళల్లో వత్తులేసుకుని పెంచుకుంటున్నానండీ దాన్ని.

రాసుకోండి. నిన్న సాయంత్రం బడి వదిలే వేళకి గేటు దగ్గర ఒకడు నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయట. ఇస్త్రీ చొక్కా, చేతిలో బట్టల సంచి. "పిచ్చుకా, మీ అమ్మ రమ్మంది, కొత్త గౌను వేసి చూడాలట, బండెక్కు" అన్నాడు. ఇదీ ఎక్కబోయింది. గేటు దగ్గరుండే పెద్దాయన "ఎవరయ్యా నువ్వు" అని కేకేస్తే బండి తిప్పుకుని పోయాడు. ఆ పెద్దాయన అటు తిరిగి ఉంటే ఇవాళ ఈ పోలీస్ స్టేషన్లో మీకు ఏమని రాయించేదాన్నో.

పిచ్చుకంటే మా అమ్మాయేనండీ. బళ్ళో పేరు వేరు, ఇది ఇంటి పిలుపు. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని వాళ్ళ నాన్న పెట్టాడు. ఆయన పోయాక అలా పిలిచేది నేనొక్కదాన్నే.

మరి వాడికెలా తెలిసిందంటారా?

కాసిని మంచినీళ్ళు ఉన్నాయా అండీ?

నాది పిల్లల గౌన్లు కుట్టే కొట్టు. ఒక మిషను, ఒక బల్ల, వీధిలోకి ఒక తలుపు, అంతే. గౌను బొమ్మకి తొడిగితే అందం రాదండీ, పిల్లకి తొడిగితేనే వస్తుంది. అందుకని కుట్టిన ప్రతిదీ దానికే వేసి, ఫొటో తీసి, కొట్టు పేజీలో పెట్టేదాన్ని. కింద "మా పిచ్చుక వేసుకుంది, పన్నెండేళ్ళ సైజు" అని రాసేదాన్ని. అందరూ బాగుంది బాగుంది అంటుంటే నాకూ గర్వంగానే ఉండేది. ఒకసారి బడి యూనిఫామ్ వేసి కూడా నిలబెట్టాను, జేబు మీద బడి పేరుతో సహా. నా కుట్టు కనపడాలని.

అవునండీ, ఎవరైనా చూడొచ్చు. చూడకపోతే కస్టమర్లెలా వస్తారు?

వాడూ అలాగే వచ్చాడు. ఫోన్లోనే లెండి. తన కూతురికి గౌను కావాలన్నాడు. ఆది పంపండి అన్నాను. ఆదంటే తెలుసుగా, కొలతకిచ్చే పాత బట్ట. అది లేనిదే నేను కత్తెర పట్టనండీ, ఇరవై ఏళ్ళ అలవాటు. వాడేమో, ఆదెందుకండీ, మా అమ్మాయి అచ్చం మీ పిచ్చుకంతే ఉంటుంది, తనకి సరిపోయేట్టు కుట్టి, వేసి చూపించండి చాలు అన్నాడు. సరేనన్నాను. ఏమనుకుని అన్నానో, సరేనన్నాను.

ముందునుంచి ఒక ఫొటో అడిగాడు. తర్వాత వెనకనుంచి. ఆ తర్వాత కుచ్చులెలా పడుతున్నాయో చూడాలి, పాపని గిరగిరా తిరగమనండి, వీడియో తియ్యండి అన్నాడు. ఎంత మర్యాదో. మాట మాటకీ అమ్మా అమ్మా అనేవాడు. నాలుగు గౌన్లు కుట్టాను. ఒక్కటీ పట్టుకెళ్ళలేదు, ఇంకా కొక్కేనికే వేలాడుతున్నాయి. పాప బడినుంచి ఎన్నింటికొస్తుంది, ఆ వేళకొస్తే నేరుగా చూస్తానుగా అన్నాడు. ఆ వేళా నేనే చెప్పాను.

లేదండీ, అది వాడితో ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడిందంతా నేనే. నిన్న ఇంటికొచ్చాక ఏం చేశానో తెలుసా? ఎవడే వాడు, ఎవరి ఫోన్లోంచి మాట్లాడుతున్నావే అని దాన్నే రెండు వేశాను. ఏడవలేదు. నీ పేజీ తెరువమ్మా అంది. తెరిచాను. ఫొటో కింద రాసిన పేరు మీద వేలు పెట్టి చూపించి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఏమిటీ? పాప ఎప్పుడైనా వద్దందా అనా?

అంది మేడమ్. మూడో గౌనప్పుడు. "అమ్మా, ఆయన చెప్పినట్టు తిరగడం నాకు బాలేదమ్మా" అంది. నా నోట్లో గుండుసూదులున్నాయి. అంచు మడిచి పెడుతున్నాను. జవాబు చెప్పడానికి కూడా అవి తియ్యలేదు. భుజాలు పట్టుకుని నేనే దాన్ని తిప్పాను. తర్వాత సూదులు తీసి, కాస్త నవ్వవే అన్నాను.

రాయండి. వాడి నంబరు రాశారుగా, దాని కిందే ఇదీ రాయండి. ఫొటోలు పెట్టింది తల్లి, పిల్ల వద్దంది అని. పేజీ పొద్దున్నే తీసేశాను. ఏం లాభం? వాడి దగ్గరున్నవి నేను తియ్యగలనా?

యూనిఫామ్ పొట్టిదైపోయిందండీ దానికి. ఇవాళ టేపు పట్టుకెళ్ళి తలుపు కొట్టాను. కొలత తీసుకుంటానే, ఒక్క నిమిషం రావే అన్నాను. చాలాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది. చెయ్యొక్కటే బయటికొచ్చింది, పాత యూనిఫామ్‌తో.

"ఇది ఆది. రెండంగుళాలు పొడుగు పెట్టు" అంది. తలుపేసుకుంది.

పుట్టినప్పట్నించీ దాని ఒంటి కొలతలు నా చేతికే తెలుసు. ఇప్పుడు ఆది చూసి కుట్టాలట.

సంతకం ఎక్కడ పెట్టమంటారు? తొందరగా చెప్పండి మేడమ్, వెళ్ళి కుట్టుకోవాలి.