గంట మోగేదాకా

మధ్యాహ్నం గది ఊడవడానికొచ్చిన హాస్టల్ ఆయా చేతిలో తన ఫోను పెట్టి, ఆ గదిలో ఉండే పిల్ల ఎదురుగా మంచం మీద కూర్చుంది.

“రెండు నిమిషాలకి ఫోన్లో గంట మోగుతుందక్కా. అప్పటిదాకా నేను ఇంగ్లీషులో ఆగకుండా మాట్లాడాలి. నువ్వు నా మొహం చూస్తుంటే చాలు.”

“నా చదువు ఏడో క్లాసుతోనే ఆగిపోయింది తల్లీ. నీ తప్పులు నేనేం పట్టగలను?”

“తప్పులు పట్టక్కర్లేదు. రాయడం, చదవడం గట్టెక్కాను. మాట్లాడే పరీక్షే రెండుసార్లు పోయింది. ఎల్లుండి కూడా పోతే, బయటి దేశంలో వచ్చిన సీటు పోయినట్టే.”

“సరే, కానీ.”

మొదలెట్టిన పిల్ల అర నిమిషానికే ఆగిపోయింది.

“ఏం, ఇంగ్లీషు అయిపోయిందా?”

“మాటలే అయిపోయాయి.”

“పోనీ తెలుగులో చెప్పు. ఇంతకీ పరీక్షలో ఏమడిగారు?”

“రోజూ ఎవరితో కబుర్లాడతావో, వాళ్ళ గురించి చెప్పమని.”

“చెప్పు మరి... అదేంటి, తెలుగులోనూ నోరు పెగలదే? ఇవాళ ఎవరితో మాట్లాడావు?”

“నీతోనే.”

“నిన్న?”

“క్యాంటీన్‌లో ‘ఒక టీ’ అన్నాను.”

ఆయా చీపురు గోడకి ఆనించి కింద చతికిలబడింది.

“మా బుడ్డోడికి ఆరో నెల. వాడికేం అర్థమవుతుందని? అయినా పొద్దస్తమానం వాడితో వాగుతూనే ఉంటా. నన్నూ వాడే అనుకో. వాడు కాళ్ళాడిస్తాడు, నేను తలాడిస్తా.”

పిల్ల నవ్వింది. మళ్ళీ అందుకుంది. ఆ ఇంగ్లీషులో ఆయాకి తెలిసిన మాట ఒక్కటే మాటిమాటికీ వినపడింది, ‘అక్క’ అని.

గంట మోగింది. పిల్ల ఇంకా చెబుతూనే ఉంది. ఆయా బొటనవేలితో ఆ గంట నోరు నొక్కేసి, తలాడిస్తూ కూర్చుంది.