కడియం మీద ఏడంకె

ఎవరూ, సోమసుందరం మేష్టారి మనవరాలా మీరు? ఆ మాట ముందే చెప్పొద్దూ. ఆ చాప వాసనేస్తుంది, ఈ మంచం మీద కూర్చోండమ్మా. మీ తాతగారు వచ్చినా ఇక్కడే కూర్చునేవారు. మంచం అది కాదులెండి, చోటు అదే. యాభై ఆరో, యాభై ఏడో, నేను కొత్తకోడలిగా ఈ కొల్లేటి లంకకి వచ్చిన ఏడాది. ఆయన ఏలూరులో సైన్సు మేష్టారు కదా, ఆదివారం ఆదివారం గుండుగొలను దాకా బస్సులో వచ్చి, అక్కణ్ణించి మా మావ అంకయ్య దోనె ఎక్కి వచ్చేవారు. ఎందుకంటారా? రాసింది చదివి వినిపించడానికి. నవ్వొస్తోంది కదూ. అప్పట్లో నాకూ నవ్వొచ్చేది. పేపరుకి ఆయన సైన్సు కబుర్లు రాసేవారండి, దానికో పద్ధతి ఉండేది. మద్రాసు వెళ్ళి పెద్దవాళ్ళని కలిసే స్తోమత లేదు. అందుకని సైంటిస్టులకీ, సైన్సు పుస్తకాలు రాసేవాళ్ళకీ కార్డుముక్క రాసేవారంట. తమరు ఈ పక్క మెయిల్లో వెళ్ళేటప్పుడు ఏలూరులో బండి నాలుగు నిమిషాలు ఆగుతుంది, కాఫీ పట్టుకుని వస్తాను, ఒక్కటే ప్రశ్న అడుగుతాను, అని. జవాబు రాసినవాళ్ళ కోసం ఫ్లాస్కు పుచ్చుకుని ప్లాట్‌ఫారమంతా పరుగెత్తేవారంట పాపం, ఏ పెట్టెలో ఉన్నారో తెలీక. ఆ నాలుగు నిమిషాల మాటలే రాసేవారు. అయితే అచ్చుకి పంపేముందు మా మావకి వినిపించాలి. మావ ఒక్క అక్షరం చదువుకోలేదు. ఆయనకి బోధపడకపోతే ఆ కాగితం అక్కడే చింపేసేవారు. మా అత్త నూకరత్నం పొయ్యి దగ్గర్నించి, చింపితే చింపారు గానీ ఇటు పారెయ్యండి మేష్టారూ, పొయ్యి రాజేసుకుంటాను అనేది.

ఓసారి చుక్కల గురించి చదివారు. మనకి కనపడే చుక్క ఒక్కోటి ఏనాడో ఆరిపోయి ఉండొచ్చంట, వెలుతురు మటుకు ఇప్పటికి మన దగ్గరికి వస్తుందంట. ఎవరో పెద్దాయన బండి కిటికీలోంచి చెప్పాడు. మావ వల బాగుచేసుకుంటూనే, "అయితే కబురు ఇంకా దారిలోనే ఉందన్నమాట" అన్నాడు. మీ తాతగారు గబగబా పెన్సిలు తీసి ఆ మాట రాసేసుకున్నారు. ఆ సాయంత్రం నాకు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదమ్మా, నీళ్ళ మీద వెలుగు పోయేదాకా అలా చూస్తూ కూర్చున్నాను. అత్త తిట్టింది. తిట్టాలి కదా మరి, ఎసరు ఇగిరిపోయింది.

ఏం చెబుతున్నాను? ఆఁ, బాతులు. మావకి ఎప్పుడూ ఒకటే సందేహం. చలికాలంలో కొల్లేటి మీద దిగే బాతులు ఎండలు ముదిరేసరికి ఎక్కడికి పోతాయని. మీ తాతగారు ఆ ప్రశ్నే పట్టుకెళ్ళి ఓ పిట్టల ప్రొఫెసర్ని అడిగారు. ఉత్తరాన మంచుదేశాల్లో కొందరు పిట్టల కాళ్ళకి రేకు కడియాలు తొడిగి వదులుతారంట, వాటి మీద అంకెలుంటాయంట, అలాంటిదొక్కటి దొరికితే ఆ పిట్ట ఊరేదో చెప్పెయ్యొచ్చంట. నెల్లాళ్ళకి మళ్ళీ ఇదే బండిలో వస్తాను, దొరికితే చూపించండి అన్నాడంట. మేష్టారు అది చదువుతుంటే అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. ఎందుకంటే మా దేవుడి గూట్లో ఉంది అలాంటిది. అంతకు ముందేడు ఓ బాతు మావ వలలో చిక్కుకుని చచ్చిపోయింది, కాలికి కడియంతో. అమ్మవారికి మొక్కుకుని, గుర్తు కట్టి కోడినీ మేకనీ వదులుతారు కదమ్మా, అలా ఎవరో వదిలిన పిట్టే అనుకుంది అత్త. పరాయివాళ్ళ మొక్కు మన వలలో చచ్చింది తల్లీ, తప్పు కాయమని దణ్ణం పెట్టుకుని, బాతుని గట్టున పాతించి, కడియం తెచ్చి అమ్మవారి పటం ముందు పెట్టింది. ఆ తరవాత నేను కాపరానికి వచ్చాను. శుక్రవారం శుక్రవారం ఇత్తడి కుందులతో పాటు దాన్నీ చింతపండూ ఇటుకపొడీ వేసి తోమేదాన్ని. కోడలు పనిమంతురాలని అనిపించుకోవద్దూ. తళతళలాడించేదాన్ని.

మీ తాతగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, భూతద్దంతో అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. అంకెలు లేవు. చివర ఒక్క ఏడు, అదీ ఉందా లేదా అన్నట్టు. ఎవరు తోమారమ్మా దీన్ని అన్నారు, మెల్లిగానే. నేను తలుపు చాటుకి తప్పుకున్నాను. మా అత్త నోటికి లంక లంకంతా భయపడేదండి. ఆవిడ కొంగు దోపుకుని, "నేనేనండి, ఈ చేతుల్తోనే" అంది. నాకేసి చూడను కూడా లేదు. పోనీలే నూకరత్నమ్మా, మొక్కు కాదు కదా, నీకు పాపం లేదు అని ఆయనే ఓదార్చారు. అత్త ఊరుకుంటేనా. "మొక్కయితే అమ్మవారు క్షమించేది. తొడిగింది మనిషంటున్నారు. ఆ మనిషి ఇంకా దాని కోసం చూస్తా ఉంటాడా?" అంది. నెల తిరిగాక మీ తాతగారు ప్రొఫెసరుకి కడియం సంగతి చెప్పి, ఆ ఒక్క ప్రశ్నే అడిగారంట. బండి కదిలిపోతోందంట. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, చూస్తూనే ఉంటాడు మేష్టారూ అన్నాడంట. అంతే అచ్చయింది. మీరు తెచ్చిన ఆ పేపరుముక్కలో, ఒక లంక ఇల్లాలు తెలియక తోమేసింది అని ఉంటుంది చూడండి. ఆ ఇల్లాలు మా అత్త కాదు, నేను. అత్త పోయేదాకా ఆ మాట నా మీదికి రానివ్వలేదు. మీ తాతగారికి నేనే చెప్పేద్దాం, ఈ ఆదివారం చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఆ వేసంగిలో ఆయనే రాలేదు. పోయారని గుండుగొలనులో ఎవరో చెబితే మావ ఖాళీ దోనెతో తిరిగొచ్చాడు. ఇన్నేళ్ళకి మీకు చెబుతున్నానమ్మా.

ఆ రోజు నుంచీ దాన్ని తోమలేదు. ఇదిగో, నల్లగా అయిపోయింది. ఆ ఏడు ఉందేమో కాస్త చూడండి. అలా కాదు, వెలుతురుకి పట్టుకోండి. నాకు చూపు ఆనదు. మా మనవల్ని అడిగితే చూడకుండానే ఉందనేస్తారు. ఏమన్నారూ? ఉందా? నిజంగా కనపడుతోందా, నా ముఖం చూసి అంటున్నారా?

సరే, ఇలా ఇవ్వండి. లేవండమ్మా, మీకు పడవ వేళవుతోంది.