పాతర మూత తీసిన మంగళవారం

జనగామ మేజిస్ట్రేటు కచేరి. 1949 జులై 14, గురువారం. పగలు పదకొండున్నర గంటలకు మొదలు.

నా పేరు మేకల సారక్క. నా భర్త పోశాలు చనిపోయి పదిహేనేళ్లయింది. నా వయసు అరవై రెండో అరవై మూడో ఉంటుంది. సరిగ్గా తెలియదు, అది తప్పయితే తర్వాత నన్ను పట్టుకోవద్దు. మా ఊరు పాలకుర్తి దగ్గర రాళ్లబాయి. కూలి పని చేస్తాను. సంఘం నడిచిన రోజుల్లో ఊరి పిల్లలకు జొన్నరవ్వ గట్క వండి పెట్టాను. చదువు రాదు. నేను చెప్పేది మున్షీ గారు రాస్తున్నారు.

కమ్మరి భద్రయ్య మీద పెట్టిన ఖూనీ కేసులో సాక్ష్యం చెప్పమని నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వచ్చాను. నిన్న తెల్లవారకముందే బయలుదేరి నడిచి వచ్చాను. మేకను పక్కింటి వాళ్లకు అప్పగించాను. దానికి నీళ్లు పెట్టారో లేదో.

రెండేళ్ల కింద మా ఊరి దొర గడీ విడిచి పట్నం పోయాడు. సంఘం వాళ్లు ఊరికి ఐదుగురితో కమిటీ పెట్టారు. ఆగయ్య దానికి పెద్ద. రజాకార్లు చంపిన వాళ్ల పిల్లలు, అడవికి పోయి తిరిగి రాని వాళ్ల పిల్లలు మొత్తం పద్దెనిమిది మంది ఉండేవారు. వాళ్లకు వండే కుండ నా చేతిలో ఉందని నన్ను కూడా కమిటీలో కూర్చోబెట్టారు. వద్దన్నాను. వినలేదు.

గడీలో దొర జొన్నలు దాచిన పాతర ఉంది. పాతర అంటే ఏమిటని మున్షీ గారు అడిగారు. భూమిలో బావిలాగా తవ్వి, లోపల గడ్డి పరిచి, గింజలు పోసి, మీద బండ పెట్టి మట్టితో మూస్తారు. అది ఇద్దరు మనుషుల లోతు ఉంటుంది. మూత తీసిన వెంటనే దిగకూడదు. లోపల చెడుగాలి ఉంటుంది. దీపం దించి చూడాలి. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. ఇది మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు. నాకు కూడా తెలుసు.

ఆ జొన్నలు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి నిరుడు హోళి పున్నమికి ముందు ఆదివారం కమిటీ కూర్చుంది. నేను పిల్లల కుండకు ఇవ్వాలన్నాను. కమిటీలోనే ఉన్న భద్రయ్య తన చక్రానికి అడిగాడు. బావిలోంచి నీళ్లు తోడే ఇనుప చక్రం అది. గొలుసుకు రేకు డబ్బాలు కట్టి ఉంటాయి. మోట కొట్టాలంటే రెండు ఎడ్లు కావాలి. ఈ చక్రం తిప్పడానికి ఒక్క ఆవు చాలు అనేవాడు. అప్పటికి రెండుసార్లు చేసి చూశాడు. రెండుసార్లూ విరిగింది. మూడోసారి చేయడానికి జొన్నలిచ్చి ఇనుము, బొగ్గు తెస్తానన్నాడు.

"రెండుసార్లు ఇరిగింది గదరా. పిల్లల నోటికాడిది ఇనుముకు పెడదమా?" అన్నాను.

"రెండుసార్లు ఇరిగినంకనే గద అవ్వా, యాడ ఇరుగుతదో ఎరుకైంది" అన్నాడు భద్రయ్య. "నువ్వు ఎన్ని దినాలు వండి పెడతవ్? బాయిల నీళ్లు మీదికొస్తే గా తల్లులే వండుకుంటరు."

"నీళ్లొచ్చేదాక పిల్లలేం తినాలె?"

"అవ్వ వానొస్తె కుండ పగులుతదంటది, రాకుంటె పొయ్యి ఆరుతదంటది" అన్నాడు ఆగయ్య. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

చేతులెత్తమన్నారు. ముగ్గురు సగం సగం అన్నారు. అట్లాగే తేలింది. భద్రయ్య ఇనుము కోసం పాలకుర్తి పోయే బండి మంగళవారం ఉంది కాబట్టి ముందు ఆయన వాటా తీయాలన్నారు. మిగిలింది కుండకు. నేను ఒప్పుకున్నాను. కాని ఇంటికి వచ్చాక నాకు దిగులు పట్టింది. పాతర అడుగున ఉండే జొన్నలకు చెమ్మ తగిలి బూజు పడుతుంది. మంచి గింజ నడుమ ఉంటుంది. ముందు తీసుకున్న వాళ్లకు మంచిది, చివర వాళ్లకు బూజుది. బూజుది తిని అంతకు ముందు ఏడు ఇద్దరు పిల్లలకు వాంతులయ్యాయి. మంగళవారం దాకా నాకు అన్నం పోలేదు.

ఆ మంగళవారం పొద్దు పొడవకముందే పాతర మూత తీశారు. పొద్దు నడినెత్తికి వచ్చాక దిగాలని, భద్రయ్య వచ్చి దీపం దించాలని చెప్పి ఎవరి పనికి వాళ్లు పోయారు. పాపయ్యను కాపలా పెట్టారు. పాపయ్యకు ముప్పై ఏళ్లు. పాతరలు తీయడం తెలిసినవాడు. ఆయన భార్య యాదమ్మ. ఇద్దరు పిల్లలు.

బారెడు పొద్దెక్కినప్పుడు నేను గంప తీసుకొని పోయాను. పాపయ్య ఒక్కడే గట్టు మీద కూర్చొని చుట్ట తాగుతున్నాడు.

"పాపయ్యా, నాలుగు గంపలు తీసియ్యి బిడ్డా. పిల్లలొచ్చి కూసున్నరు" అన్నాను.

"దీపం దింపద్దా అవ్వా?"

"పొద్దుగాల తీసిన మూతాయె. గాలి ఎప్పుడో పోయుంటది."

"ఎప్పుడు జూసినా పైలం పైలం అనేదానివి. ఇయ్యాల నువ్వే దిగమంటున్నవా?" అని నవ్వాడు.

"ఆళ్లు మంచియన్ని తీసుకపోతె నా పిల్లలకు బూజుయే మిగులుతయిరా" అన్నాను.

ఆయన చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. నిచ్చెన వేసుకొని దిగాడు. ఒక గంప నింపి తాడు ఊపాడు. నేను లాగాను. మంచి గింజ. తెల్లగా ఉంది. ఖాళీ గంప మళ్లీ దించాను. తాడు ఊగలేదు. పిలిచాను. పలకలేదు. తాడు ఊపుతాడేమోనని ఇంకా కొంచెంసేపు చూశాను. ఎంతసేపు చూశానో మేజిస్ట్రేటు గారు అడిగారు. చెప్పలేను. చూశాను.

తర్వాత కొలిమి దగ్గరికి ఉరికాను. భద్రయ్య ఒక్కడే ఉన్నాడు. వెంటనే వచ్చాడు. గొంగడి పాతరలోకి వేలాడదీసి చాలాసార్లు ఊపాడు. తడిబట్ట ముక్కుకు కట్టుకొని దిగాడు. పాపయ్య చంకల కింద తాడు కట్టి పైకి వచ్చాడు. ఆయన, నేను కలిసి లాగాము. సగం వచ్చాక తాడు జారి మెడకు పడింది. పాపయ్య మెడ మీద ఉన్న గుర్తు ఆ తాడుదే. ఎవరి చేతులదీ కాదు. పైకి తీసేసరికే పాపయ్యలో ఊపిరి లేదు. భద్రయ్య పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు. తాడు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. అప్పుడు ఊరివాళ్లు వచ్చారు. వాళ్లు చూసింది అంతే. ముందు జరిగింది చూసింది నేనొక్కతెనే.

ఎట్లయిందని ఆగయ్య అడిగాడు. "నేనొచ్చేసరికే లోపల పడున్నడు" అన్నాను. భద్రయ్యకు అది అబద్ధమని తెలుసు. గట్టు మీద నా గంప ఉంది, అందులో జొన్నలున్నాయి. నా మొహం చూసి ఊరుకున్నాడు. మూడో రోజు నేను కొలిమికి పోయి ఏడిస్తే, "నిన్ను తీసేస్తె గా పిల్లలకు ఎవలు వండుతరు అవ్వా? పోయి పొయ్యి ముట్టియ్యి" అన్నాడు.

తర్వాతి ఆదివారం కమిటీ మళ్లీ కూర్చుంది. తన సగం కూడా కుండకు, యాదమ్మ ఇంటికి ఇవ్వమని భద్రయ్యే మొదట చెయ్యెత్తాడు. జొన్నల వాటా దగ్గర తగాదా పడి చంపాడని కేసులో రాశారట. వాటా వదిలేసిన మనిషికి తగాదా ఎందుకుంటుంది? మూడో చక్రం చేయనే లేదు.

ఆగయ్యను మిలిటరీ వాళ్లు పట్టుకుపోయారు. ఎక్కడున్నాడో తెలియదు. దొర మనుషులు తిరిగి వచ్చాక ఈ కేసు పెట్టించారు. భద్రయ్యను పట్టుకుపోయి తొమ్మిది వారాలయింది. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని మేజిస్ట్రేటు గారు అడిగారు. మొదట కుండ పోతుందని భయపడ్డాను. తర్వాత మిలిటరీ క్యాంపుకు తీసుకుపోతారని భయపడ్డాను. ఉరి వేస్తారని మొన్న సంతలో విన్నాను. అందుకే వచ్చాను.

యాదమ్మ బయట అరుగు మీద కూర్చొని ఉంది. భద్రయ్య మీద చెప్పడానికి ఆమెను బండిలో తెచ్చారు. పొద్దున నన్ను చూసి, "నువ్వెందుకొచ్చినవు అవ్వా, కాళ్లు నొస్తయి గద" అని తన రొట్టె సగం తుంచి ఇచ్చింది. తిన్నాను. ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఈ కాగితం ముందు ఆమెకు చదవమని అడిగితే, అది కచేరి పని కాదు, నువ్వే చెప్పుకోవాలి అన్నారు.

నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. మున్షీ గారు ఇదంతా చదివి వినిపించారు. ఒకచోట "పాపయ్య పాతరలోకి దిగినాడు" అని ఉంది. అది కొట్టేయించి, నేను దింపాను అని రాయించాను. ఇప్పుడు ఉన్నదంతా జరిగిందే.

మేకల సారక్క, ఎడమచేతి బొటనవేలి ముద్ర.