అరవై దాటినోళ్ల రేసు

హలో… ఆ, నేనే అక్కా, లస్మయ్యను.

కొలాబా నుంచి. జెట్టీ కాడున్న. రేసు అయిపోయింది…

గెల్చిన! … ఆఁ, ఫస్టు. నిజంగనే, నీ తోడు!

అరె, సంబరం తర్వాత పడుదువు గాని, ముందు నా మాట ఇను. నాలుగున్నర దాటింది. అయిదు కొడ్తె రేసు కమిటీ తేల్చేస్తది, అంతా అయిపోతది.

లేదు, దెబ్బ తగల్లే. బోటుకు గూడ ఏం కాలే. నా వయసు మీద లొల్లయితున్నది.

వయసు… వయసక్కా! ఆ టీవీ బంజెయ్యి జర.

ఆ, ఇప్పుడు ఇను. ఇది అరవై దాటినోళ్ల రేసు గదా. ఒక్కొక్క చిన్న తెరచాప బోట్ల ఒక్కొక్క ముసలోడు. అరవై నిండకుంటె దిగనియ్యరు. మొన్న ఫారం నింపేటప్పుడు నీకే ఫోన్ జేసి అడిగిన, అక్కా నాకెన్నేండ్లు అని. అరవై ఒకటి అన్నవు. నీకు అరవై ఆరు, నేను నీకంటె అయిదేండ్లు చిన్న అని లెక్క గూడ జెప్పినవు. నేను గదే రాసిన.

ఇగ సెకండొచ్చిన కెప్టెన్ సాబ్ కంప్లెయింట్ పెట్టిండు. లస్మయ్యకు అరవై నిండలే, కాగితం అడగుండ్రి అని.

ఎందుకు తిడ్తవు ఆయన్ను? ఆయన తప్పేం లేదు. నేను నౌకరీ జేసిన ఈ బోట్ల క్లబ్బు రిజిస్టర్ల నా పుట్టిన తారీకు ఉంటది, చూసిండు. ఇర్వై ఏండ్లు ఆయన బోటుకు సెయిల్ గుడ్డ కట్టింది నేనే, కడిగింది నేనే, నీళ్లల్లకు తోసింది నేనే. ఇయ్యాల ఒడ్డుకు రాంగనే వచ్చి నాకు చెయ్యి గూడ కలిపిండు. కని రూలు రూలే గదా.

…ఎర్కే. ఆధార్ల యాభై ఎనిమిదే ఉన్నది. అది తప్పు పడ్డదనుకున్న. మన గల్లీల ఎవరి కాగితం సక్కగున్నది చెప్పు? స్కూల్ల పాత మాస్టరు అందాజుకు అందరికీ జూన్ ఒకటే రాసిండు. నీది జూన్ ఒకటి, బావది జూన్ ఒకటి, ఎదురు ఖోలీ యాదమ్మది జూన్ ఒకటి…

గదే నేనూ జెప్పిన. మేడం, ఊరిడిసి కూలికొచ్చిన మా కామాటోళ్ల కాగితాలు ఇట్లనే ఉంటయి అని. ఆ కమిటీ మేడం నవ్వింది. మరి నీది జూన్ ఒకటి కాదు గదా అన్నది.

ఆగస్టు పద్నాలుగు అక్కా. పంతొమ్మిది వందల అరవై ఏడు.

కోడలు సీమ ఇంట్లకెళ్లి బర్త్ సర్టిఫికెట్ ఫోటో పంపింది. దవాఖాన మొహరున్నది. నాయిన పేరు, అమ్మ పేరు, మగపిల్లగాడు, లస్మయ్య… అన్నీ ఉన్నయి. ఇంత పక్కా కాగితం ఉండంగ ఇంకేం మాట్లాడ్తవు అన్నది మేడం. ఇగ నీకు ఫోన్ జేసిన.

హలో?

అక్కా… ఉన్నవా?

ఇను, నాయిన సందూకు నీ కాన్నే ఉన్నది గదా, మంచం కింద. జల్ది తియ్యి. పాత రేషన్ కార్డో, ఊరి కాగితమో, నా అసలు వయసున్నది ఏదన్న సరే. ఫోటో దీసి పంపు. ఇర్వై అయిదు నిమిషాలే ఉన్నయి.

లేదా? చూడకుండనే లేదంటవేంది?

ముప్పై ఆరేండ్లక్కా! ముప్పై ఆరేండ్లు మోకాల్లోతు నీళ్లల్ల నిలవడి ఎవరెవరినో తోలిచ్చిన. రిటైరైనంక వాళ్లే పిలిచిండ్రు, నువ్వు గూడ దిగు లస్మయ్యా అని. ఇయ్యాల గాలి ఎట్ల కొట్టిందో ఎర్కేనా నీకు? ఆఖరి మలుపు గుర్తుకు నీళ్ల మీద పెట్టిన బోయా కాడ ముగ్గురు బోల్తా పడ్డరు. నా బోటు ఆ బోయాకు జర తాకింది. ఎవ్వరూ చూడలే. అయినా నేను ఒక చుట్టు తిప్పిన. తాకితే మనంతట మనమే ఒక చుట్టు తిరగాలె, గదీ రూలు. తిరిగీ గెల్చిన! గసుంటోన్ని పట్టుకొని దొంగ వయసు రాసిండంటరా?

…

ఏడుస్తున్నవా? ఎందుకు? నేను కసిరిన్నా? మాఫ్ చెయ్యక్కా.

ఎవరు చెప్పొద్దన్నరు? … అమ్మనా?

అమ్మ పోయి పన్నెండేండ్లాయె. ఏం ఒట్టు? ఎందుకు పెట్టింది?

చెప్పక్కా. నీ కాళ్లు మొక్కుత, చెప్పు.

…

మల్లొకసారి చెప్పు.

ఆ కాగితం నాది కాదా?

మరెవరిది? ఇగో, ఫోన్ల ఫోటో నా కండ్ల ముందట్నే ఉన్నది, లస్మయ్య అని…

తమ్ముడా?

మనకు తమ్ముడేడున్నడు అక్కా…

…ఎన్ని నెలలు?

ఎనిమిది.

జరం. … నీ సంకలనే పాణం పోయిందా? అమ్మ పనికి పోతె నువ్వే ఎత్తుకున్నవా? … నీకెన్నేండ్లప్పుడు? ఎనిమిదా? అయ్యో అక్కా. అయ్యో.

ఏడ బొంద పెట్టిండ్రు? … నిన్ను తీస్కపోలేదా. నాయినొక్కడే పోయిండా.

నాకు యాదికి లేడక్కా. జర గూడ యాదికి లేడు.

ఆగు, ఆగు. మరి నేనేడ పుట్టిన? … పాలమూర్ల. ఊర్ల ఇంట్లనే. తమ్ముడు ఈడ బొంబాయి దవాఖాన్ల పుట్టిండు, వానికి కాగితమిచ్చిండ్రు. నాకు కాగితమే లేదు.

కొత్తగొచ్చిన స్కూల్ మాస్టరు కాగితం లేంది చేర్చుకోనన్నడు… ఆ… మూడుసార్లు ఎన్కకు పంపిండు… ఆఁ.

గట్లని నాయిన, పోయినోని కాగితం పట్టుకపోయి నన్ను చేర్పిచ్చిండా.

గందుకేనా ఫస్టు క్లాసుల అందరికంటె నేనే పొడుగు! పిల్లలంత ఒంటె ఒంటె అని ఎక్కిరిస్తుండ్రి. … నవ్వుతలేనక్కా. నాకు నవ్వొస్తలేదు.

అమ్మ ఎట్ల ఒప్పుకున్నది?

…ఆఁ. అవును. ఎన్నడూ పిలువలే. గల్లీ మొత్తం లస్మయ్య అన్నా అమ్మ మాత్రం పెద్దోడా అనేది. చచ్చేనాడు గూడ పెద్దోడా అనే అన్నది. చిన్నగున్నప్పుడు అడిగిన నేను, ఒక్కన్నే కొడుకును గదా, పెద్దోన్ని ఎట్లయిన, చిన్నోడేడి అని. చెంప మీద కొట్టింది. ఎందుకు కొట్టిందో తెల్వక ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్న అక్కా. అమ్మ మీద కోపం పెట్టుకున్న.

హా మేడం! ఆతా హూఁ, దో మినిట్!

పిలుస్తున్నరు. పది నిమిషాలే ఉన్నయి.

అక్కా… మరి నా పేరేంది?

…

సాయిలు.

ఇంకొకసారి అను. … సాయిలు.

ఎవరు పెట్టిండ్రు? తాతనా? బడికేసేదాంక అందరు పెద్దోడా అనే పిలుస్తుండ్రి, గందుకే యాదికి లేదు. … మంచిగున్నది. మంచి పేరే.

లేదు, నేను చెప్త. పోయి మేడంకు చెప్త.

ఎర్కే! ఆధార్, బ్యాంకు, పెండ్లి కాగితం, పోరగాండ్ల స్కూల్ కాగితాలు, అన్నిట్ల ఆ పేరే ఉన్నది. రేపు ఏం కిరికిరి అయితదో నాకెర్కే. భయం లేదనుకుంటున్నవా?

మరి ఊకుంటె ఏమైతది? ఊకుంటె, యాభై ఎనిమిదేండ్ల లస్మయ్య వయసు దొంగరాత రాసి ముసలోళ్ల రేసుల దూరిండు అని నోటీసు బోర్డు మీద పెడ్తరు. ఎవరి పేరక్కా అది? నీ సంకల పోయిన పిల్లగాని పేరు. పాలు తాగే పిల్లగాన్ని దొంగను చెయ్యమంటవా?

…ఆ. గట్ల చెప్పు. నువ్వు ఒట్టు తప్పలేదు. నేనే తెల్సుకున్న. అమ్మకు నేను జవాబు చెప్పుకుంట.

లైన్ల ఉండు, పెట్టకు. లోపలికి పోతున్న.

మేడం… ఏక్ బాత్ హై. ఫారం పే ఉమర్ సహీ హై. నామ్ గలత్ హై.

…హా. లస్మయ్య మేరా ఛోటా భాయీ థా. ఆఠ్ మహీనే కా థా. … మై సాయిలు.

ఇన్నవా అక్కా? ఫారం మీద వయసు కరెక్టే, పేరే తప్పు, లస్మయ్య ఎనిమిది నెలల నా తమ్ముడు అని చెప్పేసిన. మేడం పెన్ను కింద పెట్టింది. కెప్టెన్ సాబ్ నా దిక్కే చూస్తున్నడు. లేచి నిలవడ్డడు.

కాగితం ఉన్నదా అంటున్నది… లేదన్న. మా అక్క ఉన్నది, ఫోన్ మీద ఉన్నది, ఆమె కండ్లార చూసింది అన్న.

…

నడువదంట. నీ మాట కాగితం కాదంట. లస్మయ్యకు అరవై నిండలే. సాయిలు అనేటోడు ఫారమే నింపలే. రెండు దిక్కులా పోయింది.

పోయిందక్కా. ఫస్టు కెప్టెన్ సాబ్‌కే. ఆయన వద్దంటున్నడు, కంప్లెయింట్ ఎన్కకు తీస్కుంట అంటున్నడు… మేడం కుదరదన్నది. సాబ్, మీరే తీస్కోండ్రి అని నేను గూడ అన్న.

బాధ కాదా మరి! మస్తు బాధున్నది. గెల్చింది నేనే గదక్కా, ఆ గాలిల, ఈ చేతులతోని…

నువ్వు ఏడువకు. నువ్వేడిస్తె నాకు గూడ ఆగుతలేదు. అందరు చూస్తున్నరు.

ఒక్కటే అడిగిన మేడంను. బోర్డు మీద ఆ పేరు కొట్టెయ్యకుండ్రి అన్న. లస్మయ్య బోటే ఎక్కలే. వాడు ఓడిపోలే, అబద్ధమాడలే. రేసు నడిపింది సాయిలు. కొట్టేసేదుంటె లస్మయ్య కాడ ముందు సాయిలు అని రాసి, నా పేరే కొట్టెయ్యుండ్రి అన్న.

…ఏమో, లోపల మాట్లాడుకుంటున్నరు. ఇద్దరు తలకాయ ఊపిండ్రు.

ఆ… ఒప్పుకున్నరు అక్కా.

ఇగో, పేరు మార్చే కాగితం ముందట పెట్టిండ్రు. సంతకం చెయ్యమంటున్నరు. ఫోన్ పెడ్తున్న… ఈ పేరుతోని ఎన్నడూ చెయ్యలే. జర టైం పడ్తది.