సిస్టమ్ హెల్పర్ జోలికి పోకు

ఇంకా తెరుచుకోలేదు, చూశావా? నువ్వొచ్చి చెప్పులు విప్పావు, మొహం కడుక్కున్నావు, టీ తాగి కప్పు కడిగి బోర్లించావు కూడా. అది మాత్రం తెర మీద ఆ చుక్కల్ని గుండ్రంగా తిప్పుతూనే ఉంది. రోజూ ఇదే బాగోతం తమ్ముడూ. తల ప్రాణం తోకకొస్తోంది నాకు.

మా తమ్ముడి చేతి కింద రెండొందల కంప్యూటర్లున్నాయని ఊరంతా చెప్పుకుంటాను. సొంత అక్క ఇంట్లో ఉన్న ఒక్కదాన్ని చూడటానికి నీకు ఇన్నాళ్ళకి తీరింది. సరేలే, వచ్చావు, అదే పదివేలు.

మీ బావ చెయ్యని వైద్యం లేదు దీనికి. బస్సు డిపోలో టైమ్ కీపర్ కదా, ఇంట్లో దీనికీ టైము కట్టాడు. ఆన్ అవడానికి పదకొండు నిమిషాలు, ఒక ఫైలు తెరవడానికి మూడు. కాగితం మీద రాసి, అదిగో, ఆ గోడకి అంటించాడు. అంటిస్తే దీనికి సిగ్గొస్తుందనుకున్నాడేమో! ఆ తర్వాత పెయింటు బ్రష్షు తెచ్చి మీటల మధ్య దుమ్మంతా దులిపాడు. వేడెక్కుతోందని టేబుల్ ఫ్యాను తెచ్చి దీని వీపుకేసి పెట్టాడు. ఏమైంది? ఇంట్లో కాగితాలన్నీ ఎగిరిపోయాయి, అంతే.

నవ్వకు. నాకు ఒళ్ళు మండిపోతుంటే నువ్వు నవ్వుతావేంట్రా?

సోమవారం సాయంత్రం లోపల నీ మేనకోడలు కంప్యూటర్లో గీసిన బొమ్మలు ఇరవై పంపాలి. డ్రాయింగ్ కాలేజీ వాళ్ళకి. రాతపరీక్ష పాసయింది, ఇక మిగిలింది ఈ బొమ్మలే. అవి చూసే సీటిస్తారట. పంపకపోతే ఈ ఏడాదికి ఇంతే సంగతులు. ఇవాళ శనివారం. ఆరు రోజుల నుంచి దీని ముందు కూర్చుని గీస్తోంది. గీత గీస్తుంది, చెయ్యి తీస్తుంది, అది తెర మీదకి ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంటుంది. ఎన్నయ్యాయో తెలుసా? నాలుగు. నాలుగంటే నాలుగు!

పాతవి పంపొచ్చు కదా అంటావా?

పాతవి లేవు. పోయాయి. ఎలా పోయాయో తర్వాత చెప్తాను, ముందు నువ్వు పని చూడు. పక్క వీధిలో స్నేహితురాలు తన కంప్యూటరు ఒక గంట ఇస్తానందట, అక్కడికి వెళ్ళింది. ఐదింటికల్లా వచ్చేస్తుంది. ఇంట్లో ఒకటి పెట్టుకుని పరాయి ఇంటికెళ్ళి అడుక్కోవాల్సిన గతి పట్టింది పిల్లకి.

ఆ, వచ్చింది! తెరుచుకుంది. అమ్మయ్య.

ఏంటీ జాబితా? ఆన్ చెయ్యగానే వాటంతట అవే లేచి కూర్చునేవా ఇవన్నీ? ఇన్నా! మనకి తెలియకుండా లోపల ఇంత సంసారం నడుస్తోందన్నమాట. తీసెయ్, తీసెయ్. అది ప్రింటరుది. ఆ ప్రింటరు పాడై, పాత సామాన్లవాడికి ఇచ్చేసి రెండేళ్ళయింది. పోయిందని దీనికెవరూ చెప్పలేదు పాపం, రోజూ లేచి దానికోసం ఎదురుచూస్తోంది. ఇది మీ బావ చదరంగం. ఆయన ఆడేది లేదు, గెలిచేది అంతకన్నా లేదు. పీకెయ్. అదేంటి, వాతావరణమా? కిటికీ తీస్తే తెలియదూ, వాన పడుతోందో ఎండ కాస్తోందో? దాన్నీ తీసెయ్.

అది వద్దు.

అదే, ఆ సిస్టమ్ హెల్పర్. అది ఉండనీ. పేరులోనే ఉంది కదా, సాయం చేసేదని. దాని జోలికి పోకు. తీస్తే ఇంకేదో ఆగిపోతుంది, మళ్ళీ నీ చుట్టూ తిరగాలి నేను.

నువ్వెప్పుడూ ఆ పేరే వినలేదా? రెండొందల కంప్యూటర్లలో ఒక్కదాంట్లోనూ లేదా? ఏమో మరి, కొన్నప్పుడే దీంతో పాటు వచ్చిందేమో. అసలు లోపం ఈ లాప్‌టాప్‌లోనే ఉందిరా. కొని ఆరేళ్ళయింది. ముసలిదైపోయింది. నువ్వు తెచ్చిన కొత్త ముక్క పెట్టేసెయ్, మెమరీయో ఏదో అన్నావు కదా. స్క్రూలు ఎక్కడపడితే అక్కడ పెట్టకు, ఇదిగో, ఈ గిన్నెలో వెయ్యి.

ముందు లోపల ఖాళీ ఎంతుందో చూస్తావా? ఎందుకూ? నిండిపోయిందని అదే మొత్తుకుంటోంది కదా రోజూ, ఇక చూసేదేముంది? అబ్బ, చెప్తే వినవు. చిన్నప్పటి నుంచీ ఇంతే నువ్వు. చేతికి గడియారం ఇస్తే టైము చూడకుండా వెనక మూత ఊడదీసేవాడివి.

ఒక్క ఫోల్డరే అంత ఉందా? ముప్పాతిక భాగం అదేనా?

నాకేం తెలుసు? నన్నలా చూస్తావేంటి? నేనేమైనా ఇంజనీర్నా?

సరే. సరే, ఆ తలుపు దగ్గరగా వెయ్యి. ఇంట్లో ఎవరూ లేరని నాకూ తెలుసు. అయినా వెయ్యి.

అది నేనే పెట్టించానురా.

మా కంటి ఆసుపత్రి కౌంటర్లో నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది, చీటీలు రాసే ఆవిడ. 'మీ అమ్మాయి తలుపు వేసుకుంటోందా, అయితే ఆలస్యం చెయ్యకు' అంది. వాళ్ళ అల్లుణ్ణి పంపి ఇది పెట్టించింది. రెండు నిమిషాలకోసారి తెర మీద ఏముంటే అది ఫోటో తీసి దాచుకుంటుంది. పనిచేస్తున్నట్టు ఎవరికీ కనపడదు. పేరు కూడా అందుకే అలా పెట్టారట, అనుమానం రాకుండా. పద్నాలుగు నెలలైంది.

తిట్టు. తిట్టరా.

నీకు పిల్లలు పుట్టాక తెలుస్తుంది. బళ్ళో ఎవరు ఎవర్ని గిల్లారో కూడా వచ్చి చెప్పే పిల్ల, ఒకరోజు లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. లోపల ఒక్కతే నవ్వుకుంటోంది. ఏంటే అంటే 'ఏం లేదమ్మా'. లెక్కల్లో మార్కులు తగ్గాయి. నేనేం చెయ్యాలి చెప్పు? మీ బావకి చెప్తే, పిల్లకి పదహారేళ్ళొచ్చాయి, తలుపు వేసుకోక తెరుచుకుని కూర్చుంటుందా అన్నాడు. ఆయనకి అన్నీ తేలికే.

ఏం దొరికిందంటావా? ఏమీ దొరకలేదు! పిల్ల ఇంట్లో లేనప్పుడల్లా కూర్చుని ఒక్కో ఫోటో చూశాను. లెక్కలు. పాఠాలు. స్నేహితురాలితో కబుర్లు, అవీ వాళ్ళింటి పిల్లి పిల్లల గురించి. మిగతావన్నీ బొమ్మలే. ఇలా గీయడం, అలా చెరపడం, మళ్ళీ గీయడం. తలుపు వేసుకుని నవ్వుకున్నది తను గీసిన బొమ్మలు చూసుకునే. ఒక్క తప్పు లేదు. అక్కడితో తీసేయించి ఉండాల్సింది కదా? తీయించలేదు. ఈ నెల చూద్దాం, వచ్చే నెల చూద్దాం అనుకుంటూ గడిపేశాను.

ఆ తర్వాతే ఇది నత్తనడక మొదలెట్టింది. దీనివల్లే అని నాకప్పుడు తెలియదు, నీ మీద ఒట్టు. ఫోటోలు ఇంత చోటు తింటాయని ఎవరనుకున్నారు? పరీక్షలు నెత్తి మీదున్నాయి, పాఠం తెరవబోతే తెరుచుకోదు. 'ఇదంతా నీ బొమ్మల వల్లే, వాటితో నింపేశావు, తీసెయ్' అని ఆ పిల్ల మీద ఒంటికాలి మీద లేచాను.

దాదాపు ఏడాది పాటు గీసినవిరా. రెండొందల పైనే ఉంటాయి. ఎదురు చెప్తుందనుకున్నాను. చెప్పలేదు. నా కళ్ళ ముందే కూర్చుని అన్నీ తీసేసింది. లోపల చెత్తబుట్ట ఉంటుందే, అది కూడా ఖాళీ చేసింది. చేసి, 'ఇప్పుడు చూసుకోమ్మా, స్పీడొచ్చిందేమో' అంది.

వచ్చింది. మూడు వారాలు బాగానే పరిగెత్తింది. తర్వాత మళ్ళీ మొదటికే వచ్చింది. పిల్ల ఖాళీ చేసిన చోటంతా నా ఫోటోలు నింపేశాయి.

దీనివల్లే అని ఎప్పుడు తెలిసిందా? రెండు నెలలైంది. ఆ ఫోటోల్లోనే తెలిసింది. పిచ్చిపిల్ల, రోజూ వెతుకుతోంది, స్లో లాప్‌టాప్‌కి స్పీడు తెప్పించడం ఎలా అని. ఎవరు ఏం చెప్తే అది చేస్తోంది. పాటలు తీసేసింది, ఫోటోలు తీసేసింది, చిన్నప్పటి వీడియోలు తీసేసింది. ఒకరోజు అది చదువుతున్న పేజీలో రాసుంది, తెర ఫోటోలు తీసే ప్రోగ్రాము ఏదైనా ఉంటే డిస్కు నిండిపోతుంది, ముందు అది చూసుకోండి అని. అది ఆ లైను చదివి కిందికి పోయింది. మనింట్లో అలాంటిదెందుకుంటుందిలే అనుకుందేమో. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

తెలిసీ తీయించలేదు. తీస్తే అదేదో గంట కొట్టి మరీ పిల్లకి చెప్పేస్తుందేమోనని భయం. అదొకటి. ఇంకొకటుంది, నవ్వకుండా విను. చూడటం అలవాటైపోయిందిరా. నాతో మాట్లాడేది రోజుకి రెండు ముక్కలు. 'తిన్నాను.' 'వెళ్తున్నాను.' మిగతా రోజంతా ఏం చేసిందో, దేనికి నవ్విందో నాకు ఆ ఫోటోలే చెప్పేవి. అవి లేకపోతే నా కూతురి సంగతి నాకేమీ తెలియదు.

ఆగు! నొక్కకు! ఒరేయ్, ఆ ఫోల్డరు తీసెయ్యకు!

అందులోనే ఉన్నాయిరా బొమ్మలు. దాదాపు అన్నీ. మొదటి గీత దగ్గర్నుంచి రంగులేసి పూర్తి చేసేదాకా, రెండు నిమిషాలకొకటి చొప్పున ఉన్నాయి. ప్రతి దానికీ ఆఖరున పూర్తయిన బొమ్మ తెర నిండా ఉంటుంది. ఆ నెల తెరువు, నువ్వే చూడు. అదిగో, బస్టాపులో నిద్రపోతున్న ముసలాయన. అదిగో మీ బావ, నోట్లో ఈల పెట్టుకుని. ఇది... ఇది నేను. ముక్కు ఇంత లావు పెట్టింది. కళ్ళు చూడు, గుడ్లురిమి చూస్తున్నట్టు గీసింది. కోపం రావాలి కదా? ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో నాకే లెక్క లేదు.

పోయిన ఆదివారం కాలేజీ నుంచి కబురొచ్చినప్పుడే పిల్లకి చెప్పేసి ఉండాల్సింది. 'పాతవేం లేవు, మళ్ళీ గీస్తానులే' అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆరు రోజులు అది గీతలతో కుస్తీ పడుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. పాలు కలిపి ఇచ్చాను. దాంతో పాటు నేనూ లాప్‌టాప్‌ని తిట్టాను. ఈ ఫోటోల సంగతి మాత్రం చెప్పలేదు.

అందుకే నిన్ను పిలిచాను. ఇవన్నీ పోయిన చోటు నుంచి నువ్వే తవ్వి తీశానని చెప్తావని. తీరా నువ్వొచ్చాక ఆ మాటా నోటికి రాలేదు. ఇప్పుడడుగుతున్నాను, చెప్పరా. మామయ్య చెప్తే నమ్ముతుంది. ఒక్క మాటే కదా.

ప్రతి ఫోటో మూలనా తేదీ, గడియారం కనిపిస్తున్నాయా, చూస్తే పిల్ల కనిపెట్టేస్తుందా? చుట్టూ అంచులు కత్తిరించలేమా? పోనీ ఓ ఇరవైకి...

ఆడవా? సరే, ఆడకు అబద్ధం. నాన్న బుద్ధి నీకొచ్చింది, నాకు రాలేదు.

కాపీ అయినా చెయ్యి. పెన్‌డ్రైవ్‌లో వెయ్యి, ఏరుకోవడం అదే ఏరుకుంటుంది. ఎంతసేపంటోంది? యాభై నిమిషాలా! ఐదు కావస్తోంది కదరా. ఈ దరిద్రపుది ఈ ఒక్క పనైనా చప్పున చెయ్యదా?

గేటు చప్పుడైంది. అదే.

మూత వేస్తే కాపీ ఆగిపోతుందా? వెయ్యకపోతే లోపలికి అడుగుపెట్టగానే కనపడుతుంది, పద్నాలుగు నెలలూ వరసగా. వద్దులే, మూయకు. నువ్వు వంటింట్లోకి వెళ్ళు. ఇది నేను చెప్పుకోవాల్సిన మాట. ఆ తర్వాత నాతో మాట్లాడుతుందో లేదో. మాట్లాడకపోతే మానె, సోమవారానికి బొమ్మలైతే వెళ్తాయి.

ఒకందుకు మంచిదే. ఈ కాపీ చకచకా అయిపోయుంటే ఈసారి కూడా దాచేసేదాన్నిరా. నా సంగతి నాకు తెలియదూ?